చక్కెర దీవుల పంతుళ్లు

మా జిల్లాలో ఒకే సరుక్కి మూడు పేర్లున్నాయి. నిజామాబాదులో పుట్టి పెరిగిన మేం చక్కెర అంటాం. నిజాంసాగర్ కాలవల వెంట కోస్తా జిల్లాల నుంచి వచ్చి బోధను, వర్ని, బాన్సువాడ చుట్టూ క్యాంపులు కట్టుకున్నవారు పంచదార అంటారు. బజార్లో కిరాణా సేటు చీనీ అంటాడు. పేరు ఏది చెప్పినా ఆయన పొట్లం కట్టి ఇచ్చేదీ ఒకటే, పుచ్చుకునే డబ్బూ ఒకటే కాబట్టి ఇంతవరకు తగాదా రాలేదు.

ఈ మాటల పుట్టుక విచారిస్తే తమాషాగా ఉంటుంది. సంస్కృతంలో శర్కర అంటే గులకరాయి అని కూడా అర్థం. అది పారశీకుల నోట షకర్ అయింది, అరబ్బుల నోట సుక్కర్ అయింది, సముద్రాలు దాటి ఇంగ్లీషువాడి నోట షుగర్ అయి కూర్చుంది. మన 'ఖండ' కూడా వెంట వెళ్లి పిల్లలు చప్పరించే క్యాండీ అయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసినప్పుడు బోధను పక్కనున్న ఆ పేటకు శక్కర్‌నగర్ అని పేరొచ్చింది. అంటే మనింటి ఆడపడుచు దేశాలన్నీ తిరిగి, పారశీకపు చీర కట్టుకుని పుట్టింటికి వచ్చిందన్నమాట!

మాట ప్రయాణం ఇలా హాయిగానే సాగింది. చెరకు ప్రయాణం మాత్రం అలా సాగలేదు. మన దేశం నుంచి పారశీకానికి, అక్కణ్ణుంచి అరబ్బుల వెంట మధ్యధరా తీరానికి, అటుపైన అట్లాంటిక్ సముద్రంలోని దీవులకు చెరకు పాకింది. 1493లో కొలంబస్ రెండోసారి ఓడ ఎక్కినప్పుడు కానరీ దీవుల్లో చెరకు ముక్కలు వేసుకుని వెళ్లి, ఇప్పుడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న దీవిలో నాటించాడు. నేల మంచిది, వాన మంచిది, చెరకు ఏపుగా లేచింది. మరి నరికేదెవరు? ఆ దీవుల అసలు జనం తెల్లవాళ్లు తెచ్చిన రోగాలకీ, వాళ్లు పెట్టిన చాకిరీకీ ఇట్టే నశించిపోయారు. అప్పుడు ఓడలు ఆఫ్రికా వైపు తిరిగాయి.

తరవాత మూడున్నర శతాబ్దాల్లో ఆఫ్రికా తీరాన ఓడల్లోకి ఎక్కించిన మనుషులు సుమారు కోటీ పాతిక లక్షలని చరిత్రకారులు ఓడల దస్తావేజులు తిరగేసి లెక్క కట్టారు. అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవారు కోటీ ఏడు లక్షలు. మధ్యలో తేడా వచ్చిన పద్దెనిమిది లక్షల మందినీ సముద్రం మింగింది. బానిసత్వం అనగానే మనకి అమెరికా పత్తి చేలు గుర్తొస్తాయి గానీ, ఇప్పుడు అమెరికా సంయుక్త రాష్ట్రాలైన నేలకి ఆఫ్రికా నుంచి నేరుగా చేరినవారు నాలుగు లక్షల లోపే. మిగతావారిలో నూటికి తొంభై మందికి పైగా బ్రెజిల్‌కో, కరీబియన్ దీవులకో పోయారు. అంటే చాలామంది పోయింది చెరకు తోటల్లోకి.

ఈ సంగతి ఓ సాయంత్రం మా క్యాంపు మిత్రుడితో చెబుతుంటే ఆయన, "ఏవండీ, ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి వెస్టిండీసు! మన చెరకు సంగతే మనకి తేలకుండా ఉంటే ఆ గొడవ మనకెందుకండీ?" అన్నారు.

"మీకు వెస్టిండీసు తెలియకపోవడమేమిటండీ? సోబర్స్ ఆట గురించి గంటసేపు చెప్పింది మీరే కదా?" అన్నాను.

"అది క్రికెట్టు."

"ఆయన పుట్టిన బార్బడోసు ఒకప్పుడు దీవి మొత్తం చెరకు తోటే. మీరు మెచ్చుకునే కన్హాయ్, కాళీచరణ్ ఇద్దరూ గయానాలో పోర్ట్ మోరాంట్ అనే చెరకు తోట వైపు పిల్లలు. మీ క్రికెట్టు అంతా చెరకు మోళ్ల మీద మొలిచిందే!"

ఆయన నవ్వేసి టీ చెప్పారు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మనకెందుకు? మనకెందుకో చెప్పడానికే ఈ వ్యాసం. ఒకప్పుడు మన పత్రికలు వాళ్లని 'నీగ్రోలు' అని రాసేవి. ఆ మాట మాకొద్దని వాళ్లే చెప్పారు గనక మనమూ దాన్ని పక్కన పెడదాం. వాళ్ల కష్టాలు చెప్పి మీ చేత కన్నీళ్లు పెట్టించాలన్నది కూడా నా ఉద్దేశం కాదు. చెరకు నరికినవాళ్ల మనవలు, మునిమనవలు చదువుకుని, తమ తాతల చాకిరీ పద్దు తామే రాసుకున్నారు. రాసి, ప్రపంచ చరిత్ర పుస్తకాన్నే తిరగరాయించారు. చెరకు జిల్లా వాళ్లం కాబట్టి ఆ కథ మనకి ఇతరుల కన్నా ఒక మెట్టు ఎక్కువ అర్థమవుతుంది.

ఎలాగంటారా? చెరకు గుణం మనకి తెలుసు. వరి కోసి కుప్ప వేసుకోవచ్చు, పత్తి తీసి ఇంట్లో పోసుకోవచ్చు. చెరకు నరికాక ఆగదు. ఒక రోజు ఆలస్యమైతే తూకం పోతుంది, రెండు రోజులైతే తీపి పోతుంది. కటింగ్ ఆర్డరు వచ్చాక బండ్లు బారులు తీరి కాటా దగ్గర రాత్రంతా నిలబడడం బోధనులో ఎవరికి తెలియదు? గానుగ ఆడటం మొదలైతే సీజను అయ్యేదాకా రాత్రీ పగలూ ఆగకూడదు. అంటే చెరకు ఉన్నచోట చేనూ ఫ్యాక్టరీ పక్కపక్కనే ఉండి తీరాలి. చేలో నరికేవాడు గానుగ వేగానికి తగ్గట్టు నరకాలి.

మన దగ్గర ఆ వేగానికి కూలి రేటో, లారీ కిరాయో అడ్డు నిలుస్తుంది. కరీబియన్ దీవుల్లో అడ్డేమీ లేదు, కొరడా ఉంది. రాత్రి గానుగకి చెరకు అందిస్తూ నిద్ర ముంచుకొచ్చి చెయ్యి రోలర్ల మధ్య పడితే, మనిషి మొత్తం లోపలికి పోకుండా ఆ చెయ్యి నరికెయ్యడానికి గానుగ పక్కనే ఒక గొడ్డలి సిద్ధంగా ఉంచేవారట. ఆనాటి వాళ్లు రాసిపెట్టిన సంగతే ఇది. చాలా దీవుల్లో పుట్టేవారి కన్నా చచ్చేవారే ఎక్కువ. తరిగినకొద్దీ కొత్తవాళ్లని ఓడల్లో తెచ్చి పోసేవారు. గానుగలోకి చెరకు పోసినట్టే!

ఇక్కడ పాఠకులకి ఒక అనుమానం రావచ్చు. ఆఫ్రికా మనిషిని కొనడం అమ్మడం మన దక్కనులో మాత్రం లేదా? ఉంది. ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అని పేరు మారిన ఔరంగాబాదు మనకి దూరం కాదు, నిజామాబాదు స్టేషన్లో మన్మాడు వైపు రైలెక్కితే తిన్నగా పోయే దారే. ఆ ఊరికి ఖడ్కీ అన్న పేరుతో 1610లో పునాది వేసినవాడు మలిక్ అంబర్. ఇథియోపియాలో పుట్టి, చిన్నతనంలోనే అమ్ముడుపోయి, బాగ్దాదులో చదువు నేర్చి, అహమ్మదునగరు రాజ్యంలో ఒక మంత్రికి బానిసగా చేరాడు. ఆ మంత్రి కూడా హబ్షీయే! అంబర్ యజమాని పోయాక స్వతంత్రుడై, సేన కూడగట్టి, రాజ్యానికే రక్షకుడై, మొగలాయి సైన్యాలని ఏళ్ల తరబడి ముప్పుతిప్పలు పెట్టాడు. భూమిశిస్తు పద్ధతిని సరిదిద్దాడు, ఖడ్కీకి నీటి కాలవ కట్టించాడు. మన హైదరాబాదులో ఏసీ గార్డ్సు పేట ఉంది కదా, అందులో ఏసీ అంటే చల్లగాలి మిషను కాదు, ఆఫ్రికన్ కావల్రీ! నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్విక దళం అక్కడ ఉండేది. 1948 తరవాత ఆ దళం పోయినా వారి సంతతి ఆ పేటలో ఉంది. సిద్దీలూ అరబ్బులూ తెచ్చిన మార్ఫా వాద్యం లేందే ఇప్పటికీ మన ఊళ్లో బరాతుకి కళ రాదు.

అలాగని మన దగ్గర బానిసత్వం తియ్యగా ఉండేదని అనను. అమ్మ ఒడి నుంచి పిల్లాణ్ణి లాక్కుని అమ్మడం ఎక్కడైనా అమ్మడమే. కానీ ఒక తేడా గమనించండి. మలిక్ అంబర్ 1626లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడే, 1627లో, ఇంగ్లీషువాళ్లు బార్బడోసులో దిగారు. 1640ల్లో అక్కడ చెరకు మొదలైంది. 1661 నాటికి నల్లవాడు ఆస్తి తప్ప మనిషి కాడని చెప్పే బానిస చట్టం వచ్చేసింది. ఇక్కడ ఆఫ్రికావాడు రాజ్యం ఏలాడు, అక్కడ అదే ఆఫ్రికావాడి బిడ్డలు తరతరాలకీ సామాను కింద జమ. మనిషి రంగు రెండుచోట్లా ఒకటే. మధ్యలో వచ్చిందేమిటి? చక్కెర!

ఈ ముక్క నా సొంత తెలివి కాదు. ట్రినిడాడు దీవిలో 1911లో ఒక చిన్న పోస్టాఫీసు ఉద్యోగి ఇంట పుట్టిన ఎరిక్ విలియమ్సు చెప్పిన దానికి ఇది మన ఊరి ఉదాహరణ, అంతే. విలియమ్సు స్కాలర్‌షిప్పు మీద ఆక్స్‌ఫర్డు వెళ్లి 1938లో డాక్టరేటు తీసుకున్నాడు. జాతి ద్వేషం వల్ల బానిసత్వం పుట్టలేదు, బానిసత్వం వల్లే జాతి ద్వేషం పుట్టిందన్నాడు. చవకగా చాకిరీ కావలసి వచ్చి ఆఫ్రికావాణ్ణి తెచ్చారు, తెచ్చిన తరవాత వాడు తక్కువ జాతివాడని శాస్త్రం కల్పించారు అని. అంతటితో ఊరుకోలేదు. బానిస వ్యాపారంలోనూ చక్కెరలోనూ వచ్చిన లాభాలు ఇంగ్లండులో పరిశ్రమలు లేవడానికి పెట్టుబడి అయ్యాయన్నాడు. ఇంగ్లండు బానిసత్వాన్ని రద్దు చేసింది కేవలం దయ పుట్టి కాదు, ఆ పాత వ్యాపారం గిట్టుబాటు తగ్గిపోవడం వల్ల కూడా అన్నాడు.

ఇంగ్లండులో ఒక ప్రచురణకర్తకి ఈ రాతప్రతి చూపిస్తే, ఇది బ్రిటిషు సంప్రదాయానికే విరుద్ధమని తిప్పి పంపాడట. చివరికి 1944లో అమెరికాలో 'కాపిటలిజం అండ్ స్లేవరీ' పేరుతో అచ్చయింది. ఇంగ్లండులో అచ్చు కావడానికి మరో ఇరవై ఏళ్లు, 1964 దాకా పట్టింది! అప్పటికి ఆయన ట్రినిడాడుకు ప్రధానమంత్రి. ఆయన చెప్పిన లెక్కల మీద చరిత్రకారులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. చక్కెర ఊసెత్తకుండా ఇంగ్లండు పరిశ్రమల చరిత్ర రాయడం మాత్రం ఆయన తరవాత కష్టమైపోయింది.

రాజకీయాల్లోకి దిగేటప్పుడు ఆయన చేసిన పని నాకు మరీ నచ్చుతుంది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నడిబొడ్డున వుడ్‌ఫర్డ్ స్క్వేర్ అని ఒక పార్కు ఉంది. 1955 నుంచి సాయంత్రాలు అక్కడ నిలబడి, డ్రైవర్లూ కూలీలూ దుకాణాలవాళ్లూ వేలాదిగా వింటూ ఉంటే, బానిసత్వ చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికశాస్త్రం పాఠాలుగా చెప్పాడు. జనం ఆ పార్కుకి విశ్వవిద్యాలయమని పేరు పెట్టుకున్నారు. ఎన్నికల సభలో ఏసు క్లాసుకి సరిపడే పాఠం చెబితే మన దగ్గర మైకు కట్టేస్తారు!

విలియమ్సుకి బళ్లో పాఠం చెప్పినవారిలో ఒకాయన సి.ఎల్.ఆర్. జేమ్సు. 1901లో ట్రినిడాడులోనే పుట్టాడు. క్రికెట్టు పిచ్చి, పుస్తకాల పిచ్చి, విప్లవం పిచ్చి మూడూ సమపాళ్లలో ఉన్న మనిషి. 1932లో ఇంగ్లండు వెళ్లి, పత్రికలకి క్రికెట్టు వార్తలు రాసి పొట్టపోసుకుంటూ, 1938లో 'ది బ్లాక్ జాకొబిన్స్' అన్న పుస్తకం అచ్చు వేశాడు. హైతీ బానిసల తిరుగుబాటు కథ అది. అంతకు రెండేళ్ల ముందు అదే వీరుడి మీద ఆయన రాసిన నాటకాన్ని లండన్‌లో ఆడారు, నాయకుడి వేషం పాల్ రాబ్సన్‌ది.

ఆ కథ క్లుప్తంగా చెబుతాను. హైతీ అప్పుడు ఫ్రెంచివారి సాన్ డొమాంగ్. ఐరోపా తినే చక్కెరలో దాదాపు నూటికి నలభై పాళ్లు ఆ ఒక్క చోటు నుంచే పోయేది. బానిసలు నాలుగున్నర లక్షల పైమాట. 1791 ఆగస్టులో ఒక రాత్రి ఉత్తరపు మైదానంలో చెరకు తోటలు అంటుకున్నాయి. ఒక తోటలో బగ్గీ తోలిన తూసాన్ లువెర్త్యూర్ ఆ మంటల్లోంచి సేనాని అయి లేచి ఫ్రెంచి, స్పానిషు, ఇంగ్లీషు సేనలన్నిటినీ ఎదుర్కొన్నాడు. నెపోలియన్ పంపినవాళ్లు ఆయన్ని మాయ చేసి పట్టుకుపోయారు. 1803లో ఫ్రాన్సు కొండల్లో ఒక చలి కొట్టులో చచ్చిపోయాడు. అయినా బానిసలు ఆగలేదు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. బానిసలే లేచి రాజ్యం స్థాపించుకోవడం చరిత్రలో అదొక్కటే!

దానికి బిల్లు తరవాత వచ్చింది. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు తెచ్చి నిలబెట్టి, మా ఆస్తి పోయింది, 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అంది. ఆ ఆస్తిలో మనుషులూ ఉన్నారు. తరవాత దాన్ని 9 కోట్లకి తగ్గించారు. దాని కోసం చేసిన అప్పులు పూర్తిగా తీరింది 1947లో, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది. తమని తాము కొనుక్కోవడానికి ఒక దేశం నూట ఇరవై రెండేళ్లు వాయిదాలు కట్టింది. హైతీవాళ్లు ఎందుకింత బీదవాళ్లని ఎవరైనా అడిగితే ఈ పద్దు చూపించండి.

జేమ్సు పుస్తకంలో శక్కర్‌నగర్ వాళ్లు తప్పక వినవలసిన మాట ఒకటుంది. ఆ బానిసలు ఉత్త పల్లెటూరి కూలీలు కారంటాడు. వందలమంది ఒకేచోట, పెద్ద చక్కెర ఫ్యాక్టరీల వెంట, గంట కొట్టినట్టు పనిచేసినవాళ్లు గనక ఆ కాలంలో అందరికన్నా నేటి ఫ్యాక్టరీ కార్మికులకి దగ్గరగా ఉన్నది వాళ్లేనంటాడు. కాబట్టే కలిసి లేవగలిగారట. సైరను మోతకి లేచి, షిఫ్టు మోతకి పడుకున్న ఊరికి ఈ మాట వేరే విడమర్చి చెప్పాలా?

ఇక్కడ మీరు సంవత్సరాలు గమనించారో లేదో! మన ఫ్యాక్టరీ 1937. జేమ్సు పుస్తకం, విలియమ్సు డాక్టరేటు 1938. సరిగ్గా ఆ రెండేళ్లే కరీబియన్ దీవులన్నీ అట్టుడికినట్టు ఉడికాయి. 1937లో ట్రినిడాడు, బార్బడోసు. 1938లో జమైకా. జమైకాలో ఫ్రోమ్ అనే చోట ఒక ఇంగ్లీషు కంపెనీ పెద్ద చక్కెర ఫ్యాక్టరీ కడుతోంది. పని దొరుకుతుందని నలుమూలల నుంచీ జనం వచ్చిపడ్డారు. కూలి దగ్గర తగాదా వచ్చింది. పోలీసు కాల్పులు జరిగాయి. నలుగురు చనిపోయారు. విచారణ సంఘం వచ్చింది. అది రాసిన నివేదిక ఎంత ఘాటుగా ఉందంటే, యుద్ధం అయ్యేదాకా, 1945 వరకు, ప్రభుత్వం దాన్ని పూర్తిగా బయట పెట్టలేదు.

ఆ గొడవల మీద 1939లో ఒక చిన్న పుస్తకం రాసిన కుర్రవాడికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. పేరు ఆర్థర్ లూయిసు, సెయింట్ లూసియా దీవివాడు. ఇంజనీరు అవుదామనుకున్నాడు. కానీ నల్లవాడికి ఇంజనీరు ఉద్యోగం సర్కారూ ఇవ్వదు, దొరల కంపెనీలూ ఇవ్వవని తెలిసి లండన్ వెళ్లి వాణిజ్యం చదువుకున్నాడు. 1979లో ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. శాంతి బహుమతి కాకుండా మరో శాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి నల్లవాడు ఆయనే.

లూయిసు పేరు మన కాలేజీల్లో ఎకనామిక్సు పిల్లలందరికీ తెలుసు. 1954లో రాసిన వ్యాసంలోని సిద్ధాంతం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు కాబట్టి! కానీ ఆ వ్యాసం లోపల చెరకు ఉందని ఎంతమంది చూశారు? ఆయన వేసిన ప్రశ్న ఇది. చెరకు ఎకరా దిగుబడి డెబ్బై అయిదేళ్లలో మూడింతలైంది. ఇంత వేగంగా పెరిగిన పంట అరుదు. మరి గోధుమ పండించే దేశాల్లో కూలీ దర్జాగా బతుకుతుంటే, చెరకు కూలీ కాలికి చెప్పు లేకుండా గుడిసెలో ఎందుకున్నాడు? ఆయన జవాబు ఇది. తోట బయట తిండికి లేనివాళ్లు వేలమంది వరసలో నిలబడి ఉన్నంతకాలం, తోట లోపల దిగుబడి ఎంత పెరిగినా కూలి పెరగదు. పెరిగిన లాభం చక్కెరని చవకగా కొనుక్కునే దేశానికి పోతుంది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. ఎక్కడో సెయింట్ లూసియాలో పుట్టినాయన మా జిల్లా చెరకు చేలో నిలబడి మాట్లాడినట్టు అనిపించింది.

ఇటువంటివాళ్లు ఆ దీవుల్లో ఇంకా ఉన్నారు. ఫ్రెంచివారి చక్కెర దీవి మార్టినీక్‌లో కవి ఎమే సెజేర్ ఒక ఉన్నత పాఠశాలలో పంతులు. అదే బళ్లో చదువుకున్న ఫ్రాంజ్ ఫానన్ తరవాత ఆల్జీరియా స్వాతంత్ర్య సమరానికి నోరూ కలమూ అయ్యాడు. ట్రినిడాడులో పుట్టిన క్లాడియా జోన్సు 1958లో లండన్‌లో నల్లవారి కోసం ఒక పత్రిక పెట్టింది. ఇంత చిన్న దీవుల్లో ఇందరు ఎలా పుట్టారని ఆశ్చర్యపోతాం. పుట్టడంలో వింత లేదు. బతుకంతా గానుగ చుట్టూ తిరిగినవాళ్లకి ప్రపంచ వ్యాపారం ఎలా తిరుగుతుందో పుస్తకం చూడకముందే తెలుసు. చదువు వచ్చాక దాన్ని కాగితం మీద పెట్టారు.

ఇంతకీ మా మిత్రుడి ప్రశ్నకి అసలు జవాబు ఇంకా చెప్పలేదు. అది గయానాలో ఉంది.

బ్రిటిషు రాజ్యంలో 1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దయింది. అప్పుడు రెండు కోట్ల పౌన్ల నష్టపరిహారం ఇచ్చారు. బానిసలకి కాదు, యజమానులకి! విడుదలైనవాళ్లు పాత కూలికి రాం అన్నారు. వెంటనే దొరల కళ్లు మన దేశం మీద పడ్డాయి. అయిదేళ్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుని మనవాళ్లని ఓడలెక్కించారు. మారిషస్‌కి 1834 నుంచి, గయానాకి 1838 నుంచి. 1860 నవంబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి మనుషుల్ని తీసుకెళ్లి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఒడ్డున దింపింది. అదీ చెరకు కోసమే. 1903 నుంచి ఫిజీకి కూడా మద్రాసు నుంచి ఓడలు వెళ్లాయి. వీటిలో తెలుగువాళ్లున్నారు. కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో తెలుగువాళ్లని కోరంగీలనేవారు. మా మిత్రుడి తాతగారు గోదావరి జిల్లా నుంచి నిజాంసాగర్ నీళ్ల కోసం మా జిల్లాకి వచ్చారు. అదే తీరం నుంచి అంతకు ముందు బయల్దేరిన ఇంకెవరి తాతో ఆఫ్రికా బానిస ఖాళీ చేసిన పాకలో దిగాడు.

దిగి ఏం చేశాడు? తెలియకుండానే, విడుదలైన నల్లవాడి కూలిని కిందకి తొక్కాడు. లూయిసు చెప్పిన ఆ బయటి వరసలో మొదట నిలబెట్టింది మనవాళ్లనే. దానితో రెండు జాతుల మధ్య చిచ్చు రగిలింది. గయానా రాజకీయాల్లో ఈనాటికీ ఆ సెగ ఉంది.

ఈ చిచ్చు మధ్య నిలబడి రెండువైపులా మనుషులే ఉన్నారని చెప్పినవాడు వాల్టర్ రాడ్నీ. 1942లో జార్జ్‌టౌన్‌లో పుట్టాడు. జమైకాలో పాఠాలు చెప్పే రోజుల్లో విశ్వవిద్యాలయం గోడ దాటి పేటల్లో కూచుని బీదవాళ్లకి ఆఫ్రికా చరిత్ర చెప్పాడు. 1968లో అక్కడి ప్రభుత్వం ఆయన్ని మళ్లీ దేశంలో అడుగు పెట్టనివ్వలేదు. సొంత దేశం తిరిగివచ్చి నల్లవాళ్లనీ భారతీయులనీ ఒకే వేదిక మీదికి తెచ్చే పని పెట్టుకున్నాడు. 1980 జూన్ 13న బాంబు పెట్టి ఆయన్ని చంపేశారు. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. గయానా శ్రమజీవుల చరిత్ర మీద ఆయన పుస్తకం ఆ మరుసటి ఏడు వచ్చింది. అందులో తోట యజమానుల పేర్లకన్నా ముందు మట్టి వస్తుంది. గయానా తీరం సముద్ర మట్టం కన్నా పల్లం. కట్టలూ కాలవలూ లేకపోతే అక్కడ చెరకే లేదు. ఆ కట్టలకి, కాలవలకి బానిసలు చేతులతో ఎత్తిపోసిన బురద పది కోట్ల టన్నులని ఆయన లెక్క చూపిస్తాడు. చక్కెర ఎన్ని టన్నులో అంతకుముందు చాలామంది రాశారు. మట్టిని కూడా ఆ లెక్కలో కలిపితే కథ మారిపోయింది.

మన దగ్గర లెక్కలకి కొదవలేదు. నిజాంసాగర్ 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు అందరం గౌరవంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఫ్యాక్టరీ ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకుని మురిశాం. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ నోటీసు అంటించి మూసేశారు. టన్నులూ బకాయిలూ కోర్టు తేదీలూ అన్నీ కాగితాల మీద ఉన్నాయి. కానీ మంజీర మీద ఆ కట్టకి తట్ట మోసినవాళ్లెవరు? కాలవ తవ్వినవాళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారు? సీజనుకి పిల్లాజెల్లాతో వచ్చి, చేనుగట్టున గుడిసె వేసుకుని, చలిలో తెల్లారకముందే చెరకు నరికిన ఆడవాళ్లకి ఆ రోజు ఎంత కూలి ముట్టింది? అది ఏ రిజిస్టరులోనూ వెతికి తీసుకునేలా లేదు.

బానిసకీ కూలికీ తేడా ఉంది. దాన్ని చెరిపేసి మాట్లాడితే అటువాళ్లకీ ఇటువాళ్లకీ అన్యాయం చేసినట్టే. కానీ పద్దులో పేరు పడకపోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే. అక్కడ ఆ పేర్లు రాయడానికి ఆక్స్‌ఫర్డు నుంచి ఎవరూ దిగిరాలేదు. పోస్టాఫీసు గుమాస్తా కొడుకు, బడి పంతులు, ఇంజనీరు కాలేకపోయిన కుర్రవాడు రాశారు.

కాటా దగ్గర గుమాస్తాగా చేసినవారు, బండి తోలినవారు, గానుగ షిఫ్టులో చెవులు దిబ్బడ వేయించుకున్నవారు, ముఠా మేస్త్రీలు, నరుకుడుకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ముసలమ్మలు బోధను, శక్కర్‌నగర్ చుట్టుపక్కల ఇంకా కొందరున్నారు. ఏటేటా తగ్గిపోతున్నారు. మొన్న మా మిత్రుడి మనవరాలు, డిగ్రీ చదువుతున్న పిల్ల, ప్రాజెక్టుకి ఏదైనా విషయం చెప్పమని అడిగింది. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనుక్కోమన్నాను. మొదట వాళ్ల తాతగారి దగ్గరే కూచోమన్నాను. ఆయన అరగంటలో ముగిద్దామనుకున్నారు గానీ, మూడు ఆదివారాలైనా ఇంకా 1950ల్లోనే ఉన్నారట!